పాత రాయిపై ‘బి.ఎం.’ అని కనిపించిందా? ఎవరికి చెప్పాలి, ఏం రాయాలి?

చిక్కడపల్లిలోనో, నారాయణగూడలోనో, అశోక్‌నగర్ నాలా ఒడ్డునో నడుస్తున్నారు. పాత కల్వర్టు పిట్టగోడ మీదో, ఒక పాత భవనం మెట్టు మీదో చెక్కిన ఇంగ్లిష్ అక్షరాలు మీ కంటపడ్డాయనుకోండి. పైన జి.టి.ఎస్., కింద బి.ఎం., మధ్యలో చిన్న చదరమో, సున్నానో. చాలామంది వెంటనే ఫొటో తీసి ‘నిజాం కాలం నాటి శాసనం’ అంటూ వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తారు. అది శాసనం కాదు. ఆ రాయి సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, ఆ అంకెను రికార్డులో రాసుకుని, ఇక్కడే కొలిచాం అని పెట్టిన గుర్తు. దాన్నే బెంచ్‌మార్క్ అంటారు. అక్షరాలు గ్రేట్ ట్రిగొనామెట్రికల్ సర్వేవి. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన సర్వే అది. 1818 చివర్లో జార్జ్ ఎవరెస్ట్ ఆయన దగ్గర పనిలో చేరింది మన హైదరాబాద్‌లోనే.

ఇలాంటి గుర్తు కనిపిస్తే అధికారులకు చెప్పాలా? చెప్పాలి. అయితే చెప్పడానికీ ఒక పద్ధతి ఉంది. సగం తెలిసి సగం ఊహించి పంపిన సమాచారం రికార్డుకు మేలు చేయకపోగా చెరుపు చేస్తుంది.

ఒక రాయి గురించి ఇంత పట్టింపు ఎందుకు?

2000 ఆగస్టు 24న నగరంలో ఒక్క రోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన పడింది. హుస్సేన్‌సాగర్ మిగులు నీరు నాలాలోకి పోటెత్తి దోమలగూడ, అశోక్‌నగర్ ఇళ్లను ముంచింది. ఆ వాన చూసినవాళ్లు ఈ వీధుల్లో ఇంకా ఉన్నారు. హుస్సేన్‌సాగర్ పూర్తి నీటి మట్టం 513.41 మీటర్లని ప్రతి వానాకాలం వార్తల్లో చదువుతాం. ఎక్కడి నుంచి 513.41? సముద్ర మట్టం నుంచి. మరి హైదరాబాద్‌లో సముద్రం లేదు కదా?

అందుకే ఆ ఎత్తును మోసుకొచ్చారు. 1858లో ఈ లెవెలింగ్ పని మొదలైంది. తీరంలోని తొమ్మిది చోట్ల ఆటుపోట్లు కొలిచి సగటు సముద్ర మట్టాన్ని తేల్చారు. వాటిలో మన విశాఖపట్నం ఒకటి. అక్కడి నుంచి లెవెల్ యంత్రం, కొలత కర్ర పట్టుకుని రోడ్ల వెంట, రైలు పట్టాల వెంట దేశం లోపలికి వస్తూ దారిలో గుర్తులు వదిలారు. ఆ మొదటి వల లెక్కలన్నీ సరిచూసి 1909లో ఖాయం చేశారు. ఆ తర్వాత కొత్త గుర్తులు చేరాయి, పాతవి కొన్ని పోయాయి.

ఇప్పుడు మీ వీధిలో డ్రైనేజీ లైను వేస్తున్నారనుకోండి. 500 మీటర్లకు 1 మీటరు వాలు అంటే, 100 మీటర్ల పైపుకు దొరికే వాలు కేవలం 20 సెంటీమీటర్లు. పైపు ఒక కొసను ఒక గుర్తు నుంచి, రెండో కొసను ఇంకో గుర్తు నుంచి లెక్కగట్టారు. ఆ రెండింటిలో ఒకటి ఎప్పుడో లారీ గుద్ది 10 సెంటీమీటర్లు కుంగింది. సగం వాలు పోయినట్టే. 25 సెంటీమీటర్లు కుంగితే నీరు వెనక్కి నడుస్తుంది. మంచి ఇంజినీరు రెండు మూడు గుర్తులతో సరిచూసుకుంటాడు కాబట్టి ఈ తప్పు దొరుకుతుంది. సరిచూసుకోవడానికి ఆ రెండో, మూడో గుర్తు మిగలాలి కదా!

ఆ గుర్తు ఎవరిది?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. వీధిలో కనిపించే ప్రతి రాయీ ఒకే శాఖది కాదు.

ఎత్తు చెప్పే జి.టి.ఎస్. బెంచ్‌మార్కులు కేంద్ర ప్రభుత్వ సంస్థ సర్వే ఆఫ్ ఇండియావి. కార్యాలయం ఉప్పల్‌లో ఉంది. స్థలం హద్దు చెప్పే సర్వే రాళ్లు రాష్ట్రానివి. వాటిని చూసే సర్వే, సెటిల్‌మెంట్, భూ రికార్డుల కమిషనర్ కార్యాలయం నారాయణగూడలోనే ఉంది. దగ్గరే కదా అని బెంచ్‌మార్కు ఫొటో పట్టుకుని అక్కడికి వెళితే, మర్యాదగా ఉప్పల్‌కి వెళ్లమంటారు. అంతదూరం వెళ్లాక హద్దు రాయి అని తేలితే మళ్లీ నారాయణగూడ. తేడా తెలుసుకుంటే ఒక రోజు మిగులుతుంది. హద్దు రాయి ఎత్తు చెప్పదు, బెంచ్‌మార్కు ఎవరి హద్దూ చెప్పదు.

మూడో రకం పెయింటు గుర్తులు. ప్రహరీ గోడ మీదో, కరెంటు స్తంభం దిమ్మె మీదో ఎర్ర రంగుతో టి.బి.ఎం. అనీ, పక్కన ఆర్.ఎల్. అని ఒక అంకే రాసి ఉంటాయి. అవి జరుగుతున్న పని కోసం పెట్టుకున్న తాత్కాలిక గుర్తులు. వీటి గురించి ఎవరికీ ఉత్తరం రాయనక్కర్లేదు. పని అయ్యేదాకా సున్నం వేయకండి, పోస్టరు అంటించకండి, చాలు. అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల పోస్టరు పడని గోడ దొరకడం కష్టమే అనుకోండి.

చూసేటప్పుడు ఏం చేయాలి?

ముట్టుకోకపోవడమే మొదటి మర్యాద. పైన పడిన ఆకులు, దుమ్ము చేత్తో తుడిస్తే ఫర్వాలేదు. ఇనుప బ్రష్షుతో గీకడం, అక్షరాలు బాగా కనపడాలని రంగు పూయడం, ఒరిగిన రాయిని మంచి ఉద్దేశంతోనే నిలబెట్టి సిమెంటు వేయడం, ఇవన్నీ నష్టమే. రాయి ఒరిగి ఉండటమే సర్వేయర్‌కి కావాల్సిన సమాచారం. మీరు సరిచేస్తే ఆ ఎత్తు తప్పని కనిపెట్టే దారి కూడా మూసుకుపోతుంది.

గుర్తు ఎవరి ఆవరణలోనైనా ఉంటే అడిగి లోపలికి వెళ్లండి. గుడి మెట్టయినా, స్కూలు వరండా అయినా అంతే. ‘సర్వే’ అన్న మాట వినగానే ఇంటివాళ్లు కంగారు పడతారు, రోడ్డు వెడల్పు చేస్తున్నారేమోనని. మీరు ప్రభుత్వం తరఫున రాలేదని ముందే చెప్పండి.

ఫొటోలు రెండు రకాలు తీయాలి. పక్కన స్కేలో, నాణెమో పెట్టి దగ్గర నుంచి ఒకటి. చుట్టూ ఉన్న శాశ్వత కట్టడాలు కనిపించేలా దూరం నుంచి ఒకటి. టేపు ఉంటే గోడ మూల నుంచి ఎంత దూరమో కొలిచి రాసుకోండి. ఫోన్ జీపీఎస్ చోటు కొన్ని మీటర్లు అటూఇటూ పోతుంది కాబట్టి, అది ఫోన్‌లో చూసినదని రాయాలి. ఫోన్ చూపే ఎత్తు మాత్రం అసలు రాయకండి. కొన్ని యాప్‌లు చెప్పేది సముద్ర మట్టం నుంచి ఎత్తు కాదు, భూమి ఆకారానికి గణితంలో వాడే దీర్ఘగోళం నుంచి. మన ప్రాంతంలో ఈ రెండింటి తేడా 70 మీటర్లు దాటుతుంది.

‘కనిపించలేదు’ వేరు, ‘పోయింది’ వేరు

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. పాత జాబితాలో ఉన్న గుర్తును వెతుక్కుంటూ వెళ్లారు, దొరకలేదు. అప్పుడు మీకు తెలిసింది ‘కనిపించలేదు’ అన్నంతవరకే. అది తారు పొర కింద ఉండొచ్చు, కొత్త ఫుట్‌పాత్ టైల్స్ కింద ఉండొచ్చు, మీరు వెతికింది పక్క కల్వర్టు కావొచ్చు. అమెరికాలో ఇలాంటి గుర్తుల రికార్డులు చూసే నేషనల్ జియోడెటిక్ సర్వే ఈ రెండు మాటలనూ విడిగా ఉంచుతుంది. ధ్వంసమైందని నమోదు చేయాలంటే ఊడిపోయిన బిళ్ల ఫొటో లాంటి రుజువు అడుగుతుంది. అది లేకపోతే ‘దొరకలేదు’ అన్నదే నమోదవుతుంది. దొరకలేదన్న గుర్తును రేపు ఇంకొకరు వెతుకుతారు. ధ్వంసమైందన్న గుర్తు కోసం ఎవరూ రారు.

ఈ మూడు పేటల్లో ఆ జాగ్రత్త ఇంకా అవసరం. 2020 ఫిబ్రవరిలో మొదలైన జేబీఎస్-ఎంజీబీఎస్ మెట్రో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగానే వెళుతుంది. 2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా స్టీల్ బ్రిడ్జి వచ్చింది. ఇన్ని పనుల తర్వాత రోడ్డు మట్టమే మారినచోట, కంటికి కనపడలేదు కాబట్టి లేదనడం తొందరపాటు.

ఉత్తరంలోనూ అదే పద్ధతి. ‘మా వీధి చారిత్రక రాయిని కాంట్రాక్టర్ పగలగొట్టాడు’ అని రాస్తే అది ఆరోపణ. ‘ఫలానా తేదీ ఉదయం 7 గంటలకు చూశాను. కల్వర్టు ఉత్తరం వైపు పిట్టగోడ కూల్చి ఉంది. అంతకుముందు దాని మీద నేను చూసిన గుర్తు కనిపించలేదు. రాళ్లు పక్కన కుప్పగా ఉన్నాయి’ అంటే అది సమాచారం. చెరిగిపోయిన అక్షరాన్ని ఊహించి పూరించకండి, ఆ చోట ప్రశ్నార్థకం పెట్టండి. విన్నది రాయాల్సి వస్తే ‘ఎదురింటి పెద్దాయన చెప్పారు’ అని విడిగా రాయండి.

ఎక్కడ ఇవ్వాలి?

బెంచ్‌మార్కు అయితే ఉప్పల్ కార్యాలయానికి ఉత్తరం. నేరుగా ఇస్తే ఇన్‌వర్డ్‌లో ముద్ర వేయించుకోండి, పోస్టులో అయితే రసీదు దాచుకోండి. కేంద్ర శాఖల ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్ ఉంది గానీ, ఇది ఫిర్యాదు కాదు కదా, మొదట ఉత్తరమే మేలు. ఒక గుర్తుకు ఒక ఉత్తరం రాయండి. సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్‌లో బెంచ్‌మార్కుల వివరాలు దొరుకుతాయి. మీరు చూసినది అక్కడ ముందే ఉంటే, ఆ నంబరు ఉత్తరంలో వేయండి.

హద్దు రాయి కదిలిందని తెలిస్తే తహసీల్దార్‌కో, జిల్లా సర్వే అధికారికో చెప్పాలి. అధికారులు పెట్టిన హద్దు గుర్తును ఉద్దేశపూర్వకంగా ధ్వంసం చేయడం, కదిలించడం భారతీయ న్యాయ సంహిత 326(ఇ) కింద నేరం. ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అయితే పక్కింటివారితో గొడవ ఉన్నప్పుడు రాయి సమాచారం ఇస్తున్నట్టు నటించి హద్దు తేల్చమనకండి. దానికి ఎఫ్-లైన్ దరఖాస్తు వేరే ఉంది, మీసేవలో పెట్టుకోవాలి.

రేపే రోడ్డు తవ్వుతారని తెలిస్తే మాత్రం ఉత్తరం రాస్తూ కూర్చోకండి. ముందు అక్కడి సైట్ ఇంజినీరుకు చూపించండి. ఆ వెంటనే జీహెచ్ఎంసీ ఇంజినీరింగ్ విభాగానికి, ఉప్పల్‌కి ఫోన్ చేయండి. రాయి ఉన్నప్పుడే దాని ఎత్తును పక్కనున్న మరో గట్టి చోటికి మార్చుకోవచ్చు. జేసీబీ దిగాక ఆ వీలుండదు.

జవాబు వెంటనే రాకపోవచ్చు. మీ ఉత్తరం మీద ఏం చేశారో తెలుసుకోవాలంటే 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈలోగా మళ్లీ అటువైపు వెళ్లినప్పుడు గుర్తు వైపు ఒకసారి చూడండి. ఏమైనా మారి ఉంటే పాత ఉత్తరం నంబరు వేసి, కొత్త తేదీతో రాయండి.