పొందూరు కండువా వెనుక చిలప కూలి

పొందూరు కండువా పెద్దల భుజాన మెరవడం అందరం చూస్తాం. దాని నూలు వడికేది ఆడవాళ్ళు, అందులో ముసలివారే ఎక్కువ. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. అవును, చేప దవడే దువ్వెన! గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఆపైన రాట్నం మీద నూరో నంబరు నూలు తీస్తారు.

2017 జూలైలో వచ్చిన జీఎస్టీ ఖాదీ గుడ్డనూ వదల్లేదు. సెప్టెంబరు 9న హైదరాబాదులో కూర్చున్న మండలి, ఖాదీ సంస్థల దుకాణాల్లో అమ్మే గుడ్డకు పన్ను తీసేసింది. కొనేవారికి ఊరటే. వడికేవారికి మాత్రం చిలప లెక్కే. చిలపకు 12.50 ఉన్న కూలిని ఖాదీ కమిషన్ 2025 ఏప్రిల్ 1 నుంచి 15 రూపాయలు చేసింది. నూలు సన్నబడేకొద్దీ చిలప తేలడం ఆలస్యం. ఈ కూలి చూసి చాలా ఇళ్ళలో కోడళ్ళు రాట్నం ముట్టడం లేదు.