కంప్యూటర్ కేస్‌షీట్‌లో రాసింది ఎవరు?

"ఈమెకు పెన్సిలిన్ పడదు" అని మీ కేస్‌షీట్‌లో ఒక మాట ఉందనుకోండి. అది చదివిన డాక్టరుగారికి వెంటనే రెండు ప్రశ్నలు వస్తాయి. ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? కాగితం మీదైతే చేతిరాత చూసి "ఇది నైట్ డ్యూటీ సిస్టరుగారి రాత" అని పోల్చుకోవచ్చు, పైగా కింద సంతకం ఉంటుంది. కంప్యూటర్‌లో అందరి అక్షరాలూ ఒక్కలాగే ఉంటాయి. కాబట్టి ఆ సంతకం కంప్యూటరే పెట్టేలా ప్రోగ్రాం తయారు చేస్తారు.

ఉదాహరణకు 2004లో మొదలై ఆఫ్రికా దేశాల ఆసుపత్రుల్లో బాగా వాడుకలోకి వచ్చిన ఓపెన్ ఎంఆర్ఎస్ అనే ప్రోగ్రాం ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని గనియారి ఆసుపత్రిలో మొదట వాడిన బాహ్మ్నీ కూడా దాని మీద కట్టినదే. అందులో మీ బరువు, జ్వరం, మందు ఏది నమోదు చేసినా పక్కనే ఎవరు ఎక్కించారు, ఏ తేదీన, ఏ సమయానికి అన్నవి చేరతాయి. తప్పుగా పడిన నమోదును మామూలుగా చెరిపేయరు. "రద్దు" అని గుర్తు పెట్టి, ఎవరు రద్దు చేశారో, ఎందుకు చేశారో రాసి ఉంచుతారు.

పాత తప్పును దాచి ఉంచడం దేనికి అంటారేమో. 8 కిలోల పసిబిడ్డ బరువు పొరపాటున 18 అని పడిందనుకుందాం. పిల్లలకు పారాసిటమాల్ బరువును బట్టి ఇస్తారు, కిలోకు 15 మిల్లీగ్రాముల వరకు. 120 దాటకూడని చోట 270 వెళ్లిపోవచ్చు. మధ్యాహ్నం ఎవరో సరిదిద్దారు సరే, ఉదయం ఇచ్చిన మోతాదు ఏ బరువు చూసి ఇచ్చారు? పాత అంకె, దాని సమయం, రాసినవారి పేరు ఉంటేనే అది తేలుతుంది.

ఆ పేరు ఎక్కడనుండి వస్తుంది? "మీ పేరు రాయండి" అని గడి పెడితే ఎవరి పేరైనా రాయవచ్చు. అందుకని సిస్టరుగారు పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వచ్చినప్పుడే సర్వర్ ఆమెను గుర్తు పెట్టుకుంటుంది. సేవ్ నొక్కగానే ఆ పేరును తనే జత చేస్తుంది. అయితే కంప్యూటర్‌కు తెలిసింది పాస్‌వర్డే గాని మనిషి కాదు. ఉదయం ఒకరు తెరిచిన కంప్యూటర్ మీద సాయంత్రం వరకు నలుగురు పని చేస్తే అన్నీ ఒక్కరి పేరునే పడతాయి. ఓ.పి. రద్దీలో ఇది జరిగేదే, బద్ధకం అనలేము. కాని రేపు ఒక సంగతి అడగాలంటే, ఆ పేరుగల సిస్టరుగారు ఆ పూట డ్యూటీలోనే లేరని తెలుస్తుంది.

ఇంకొక మాట. డాక్టరుగారు ఫోనులో చెప్పిన మందును సిస్టరుగారు ఎక్కిస్తారు. చెప్పినవారు, ఎక్కించినవారు వేరువేరుగా కనిపించాలి. మంచి ప్రోగ్రాములలో ఈ రెండిటికీ వేరువేరు గడులు ఉంటాయి.

2002 నాటి వైద్యుల నియమావళి ప్రకారం రోగి తన రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నకలు తీసుకున్నప్పుడు మందుల దగ్గర పేరు, తేదీ, సమయం ఉన్నాయేమో చూడండి. మీకు పడని మందు అందులో లేకపోతే, వెళ్లి మీ ఎదుటే ఎక్కించమని అడగండి.