మిర్చి ధరల పేజీ ఒక్కటి చేస్తే చాలు: తెలుగు వెబ్‌సైట్లకి పనికొచ్చే 7 ఫ్రంట్ ఎండ్ టెక్నిక్స్

ఫ్రంట్ ఎండ్ నేర్చుకునేవాళ్లకి ప్రాక్టీస్ ప్రాజెక్ట్ అంటే టు డూ లిస్ట్, వెదర్ యాప్, లేదంటే నెట్‌ఫ్లిక్స్ క్లోన్. నేనైతే మన గుంటూరు మిర్చి ధరల పేజీ ఒకటి చేసి చూడమంటాను. చూడ్డానికి చిన్న టేబులే. రకం, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, వచ్చిన టిక్కీలు, అంతే. కానీ తెలుగు అక్షరాలు, తక్కువ రేటు ఫోన్, అంతంత మాత్రం సిగ్నల్, నడినెత్తి మీద ఎండ... ఫ్రంట్ ఎండ్‌లో ఉండే కష్టాలన్నీ ఈ ఒక్క పేజీలోనే ఎదురవుతాయి.

పైగా ఇది డబ్బుతో ముడిపడ్డ పేజీ. గుంటూరు, పల్నాడు, ప్రకాశం రైతులకి సీజన్‌లో, అంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, రోజూ ఒకటే ప్రశ్న: సరుకు ఇవాళ యార్డుకి వేసుకెళ్లాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవాలా? ఫోన్‌లో కనపడ్డ అంకె చూసి లారీ మాట్లాడుకునే మనిషికి మన పేజీ తప్పు చూపిస్తే, మనకది బగ్గు, ఆయనకి నష్టం. మాది ప్రకాశం జిల్లా, ఇంట్లో మిర్చి వేస్తారు. అందుకే ఈ పేజీని ప్రాక్టీస్‌గా చేసుకుని, ఏ టూల్ ఎక్కడ పనికొస్తుందో రాసి పెట్టుకున్నా. అన్నీ ఫ్రీ టూల్సే. మీరు రియాక్ట్ వాడినా, ఉత్త హెచ్‌టీఎంఎల్ రాసినా పనిచేస్తాయి.

1. ముందు నిజమైన ఫోన్‌ని కేబుల్‌తో తగిలించండి

క్రోమ్ డెవ్‌టూల్స్‌లో డివైస్ మోడ్ ఆన్ చేసి "మొబైల్‌లో చూశాం" అనుకుంటాం. అది ఫోన్ స్క్రీన్ సైజు లాంటి కొన్నిటినే అనుకరిస్తుంది. ఫాంట్లు మాత్రం మన ల్యాప్‌టాప్‌వే. విండోస్‌లో తెలుగు సాధారణంగా నిర్మలా యూఐ ఫాంట్‌లో వస్తుంది, ఆండ్రాయిడ్‌లో ఎక్కువగా నోటో సాన్స్ తెలుగులో. రెండింటి వెడల్పు, ఎత్తు ఒకటి కాదు. ల్యాప్‌టాప్‌లో ఒక లైన్‌లో పట్టింది ఫోన్‌లో రెండు లైన్లు కావచ్చు.

అందుకని ఇంట్లో మూలన పడేసిన పాత ఫోన్ తీయండి. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కి వెళ్లి బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి (కొన్ని కంపెనీల ఫోన్లలో ఈ మెనూ కొంచెం వేరేగా ఉంటుంది). అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ల్యాప్‌టాప్ క్రోమ్‌లో ఇన్‌స్పెక్ట్ డివైసెస్ పేజీ తెరవండి. ఫోన్‌లో ఉన్న ట్యాబ్‌ని ల్యాప్‌టాప్ నుంచే ఇన్‌స్పెక్ట్ చేయొచ్చు. అక్కడే పోర్ట్ ఫార్వార్డింగ్ పెట్టుకుంటే మీ లోకల్‌హోస్ట్ ఫోన్‌లో తెరుచుకుంటుంది. దీనివల్ల ఇంకో లాభం ఉంది. సర్వీస్ వర్కర్ లోకల్‌హోస్ట్‌లో పనిచేస్తుంది, మామూలు వైఫై ఐపీ అడ్రస్‌తో తెరిస్తే హెచ్‌టీటీపీఎస్ లేదని పనిచేయదు.

ఎలిమెంట్స్ ప్యానెల్‌లో కంప్యూటెడ్ ట్యాబ్ కింద "రెండర్డ్ ఫాంట్స్" అని ఉంటుంది. మీరు సీఎస్‌ఎస్‌లో రాసిన ఫాంట్ కాదు, నిజంగా ఏ ఫాంట్ వాడుతోందో అది చెప్తుంది.

2. ఫాంట్ బరువు తగ్గించండి

మన ఊరి పేరుతోనే ఒక ఫాంట్ ఉంది తెలుసా? హింద్ గుంటూరు. ఇండియన్ టైప్ ఫౌండ్రీ చేసింది, గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీగా దొరుకుతుంది. లైట్ నుంచి బోల్డ్ దాకా 5 వెయిట్లు ఉన్నాయి. 5 లోడ్ చేయకండి, ధరల టేబుల్‌కి రెగ్యులర్, బోల్డ్ చాలు.

యూనికోడ్‌లో తెలుగుకి కేటాయించింది 128 స్థానాలే. కానీ ఫాంట్ లోపల గుణింతాలు, వత్తులు, వాటి కలయికలకి బోలెడు అదనపు ఆకారాలు ఉండాలి. అందుకే తెలుగు ఫాంట్ ఫైల్ ఇంగ్లిష్ దానికంటే బరువుగా ఉంటుంది. ఫాంట్‌ని మీ సర్వర్‌లోనే పెట్టుకుంటే వోఫ్2 ఫార్మాట్‌లో పెట్టండి. ఫాంట్‌టూల్స్ అనే పైథాన్ లైబ్రరీతో అవసరం లేని అక్షరాలు తీసేయొచ్చు. అలా కత్తిరించేటప్పుడు తెలుగు బ్లాక్ ఒక్కటే ఉంచితే సరిపోదు. అంకెలు, రూపాయి గుర్తు, జీరో విడ్త్ నాన్ జాయినర్ కూడా ఉంచాలి, ఇవి ఆ బ్లాక్‌లో లేవు.

ఫాంట్ డిస్‌ప్లేకి స్వాప్ అని ఇవ్వండి. ఫాంట్ దిగేలోపు ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంట్‌తోనే ధరలు కనపడతాయి. ఖాళీ తెర చూస్తూ కూర్చోవాల్సిన పని ఉండదు.

3. వత్తులకి చోటివ్వండి

ఇంగ్లిష్ డిజైన్ల నుంచి లైన్ హైట్ 1.2 కాపీ చేస్తే "క్వింటాలుకు" కింద వ వత్తు తెగిపోయే ప్రమాదం ఉంది, ముఖ్యంగా ఓవర్‌ఫ్లో హిడెన్ ఉన్న చోట. తెలుగుకి 1.6 నుంచి మొదలుపెట్టండి. బటన్‌కి ఫిక్స్‌డ్ హైట్ వద్దు, మిన్ హైట్, ప్యాడింగ్ ఇవ్వండి. పరీక్షకి "రాష్ట్రం", "స్త్రీ" లాంటి మాటలు పెట్టి చూడండి. పైన గుడి, కింద వత్తులు నిలబడితే మిగతావన్నీ నిలబడతాయి.

లెటర్ స్పేసింగ్ తెలుగుకి సున్నా. ఇటాలిక్ కూడా వద్దు. చాలా తెలుగు ఫాంట్లకి ఇటాలిక్ లేదు కాబట్టి బ్రౌజర్ అక్షరాన్ని ఊరికే పక్కకి వంచేస్తుంది.

4. తెలుగు మాటని లెంగ్త్‌తో కొలవకండి

"స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం. జావాస్క్రిప్ట్‌లో లెంగ్త్ అడిగితే 6 వస్తుంది. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, అన్నీ విడివిడిగా లెక్కపెడుతుంది. స్లైస్‌తో కోస్తే అక్షరం మధ్యలో తెగుతుంది. దీనికి ఇంటల్ సెగ్మెంటర్ అనే ఫీచర్ ఉంది. కాకపోతే తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా చూడాలన్న రూల్ 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది. పాత బ్రౌజర్లలో అదే మాట 3 ముక్కలు కావచ్చు.

అసలు మన పేజీలో రకం పేరుని కోయనే కోయకూడదు. "తేజ" వేరు, "తేజ తాలు" వేరు. తాలు అంటే రంగు పోయిన కాయ, ధర బాగా తక్కువ. చోటు చాల్లేదని "తేజ..." అని మూడు చుక్కలు పెడితే డిజైన్ నీటుగానే ఉంటుంది, ఏ ధర దేనిదో మాత్రం తెలియదు. పేరుని రెండో లైన్‌కి పోనివ్వండి.

5. అంకెలు, సెర్చ్

టిక్కీల సంఖ్య లక్ష దాటే రోజులుంటాయి. "125,000" అని కాదు, "1,25,000" అని రావాలి. ఇంటల్ నంబర్ ఫార్మాట్‌కి తెలుగు, ఇండియా లొకేల్ ఇస్తే కామాలు అదే సరిగ్గా పెడుతుంది. సీఎస్‌ఎస్‌లో ట్యాబ్యులర్ నంబర్స్ పెడితే, ఫాంట్‌లో ఆ సదుపాయం ఉన్నప్పుడు అంకెలు ఒకదాని కింద ఒకటి వరుసగా నిలబడతాయి.

ఇక్కడ మన యార్డుకే ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. 334, 341 అనేవి మిర్చి రకాల పేర్లు! ధర అంకెల పక్కన రకం కూడా అంకెలాగే కనపడుతుంది. కాబట్టి రకాన్ని మామూలు సెల్‌లో కాకుండా రో హెడర్‌గా పెట్టి, స్టైల్ మార్చండి. నంబర్ ఫార్మాటింగ్ దానికి తగలకుండా స్ట్రింగ్‌గానే ఉంచండి.

సెర్చ్ బాక్స్ ఉంటే ఒక జాగ్రత్త. "ఆన్‌లైన్" లాంటి మాటల్లో కంటికి కనపడని నాన్ జాయినర్ ఉంటుంది. కొంతమంది కీబోర్డులో అది పడుతుంది, కొంతమందికి పడదు. కంప్యూటర్‌కి అవి రెండు వేర్వేరు మాటలు. పోల్చేముందు రెండు వైపులా ఆ గుర్తు తీసేయండి.

6. ఎండలో చదవగలగాలి

మిర్చి సైట్ అనగానే ఎర్ర బ్యాక్‌గ్రౌండ్ పెట్టేస్తాం. డెవ్‌టూల్స్ కలర్ పికర్‌లో కాంట్రాస్ట్ రేషియో చూడండి. మామూలు సైజు అక్షరాలకి డబ్ల్యూసీఏజీ చెప్పే కనీసం 4.5:1. మిట్టమధ్యాహ్నం యార్డులో చూసే పేజీకి ఇంకా ఎక్కువ ఉంటే మంచిది. ధర పెరిగితే పచ్చ, తగ్గితే ఎరుపు అని రంగు ఒక్కటే నమ్ముకోకండి. ఆ రెండు రంగులకి తేడా తెలియనివాళ్లు చాలామంది ఉన్నారు. పక్కన "పెరిగింది", "తగ్గింది" అని రాసేయండి. రెండరింగ్ ట్యాబ్‌లో వర్ణాంధత్వం ఉన్నవాళ్లకి పేజీ ఎలా కనపడుతుందో కూడా చూడొచ్చు.

7. నిన్నటి ధర ఇవాళ్టిదిలా కనపడకూడదు

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. పేజీ ఫాస్ట్‌గా రావాలని సర్వీస్ వర్కర్‌తో అంతా క్యాష్ చేస్తాం. సీఎస్‌ఎస్, ఫాంట్‌లకి అది మంచిదే. ధరలకి మాత్రం ముందు నెట్‌వర్క్‌ని అడగాలి, అది దొరక్కపోతేనే క్యాష్. క్యాష్‌లోంచి తీసినప్పుడు టేబుల్ పైన పెద్ద అక్షరాలతో "ఇవి ఫలానా తేదీ ధరలు, ఇప్పుడు నెట్ లేదు" అని చెప్పాలి. ఆ తేదీ సర్వర్ నుంచి ధరలతో పాటే రావాలి. పేజీ తెరిచిన టైమ్ వేస్తే పాత ధర మీద కొత్త తేదీ పడుతుంది. యార్డు సెలవు రోజైతే ఆ మాట కూడా అక్కడే చెప్పాలి.

పరీక్ష తేలిక. నెట్‌వర్క్ ట్యాబ్‌లో 3జీ పెట్టి ఒకసారి, ఆఫ్‌లైన్ పెట్టి ఒకసారి పేజీ తెరవండి. తర్వాత లైట్‌హౌస్ రన్ చేయండి. గూగుల్ లెక్కలో పెద్ద కంటెంట్ 2.5 సెకన్లలోపు కనపడాలి, లేఅవుట్ కదలిక స్కోరు 0.1 లోపు ఉండాలి. ఈ రెండో అంకె మన పేజీకి చాలా ముఖ్యం. ఫాంట్ మారేటప్పుడు టేబుల్ ఒక వరుస కిందికి జరిగితే, చదువుతున్న మనిషి కన్ను పక్క రకం ధర మీద పడుతుంది.

ఇవన్నీ అయ్యాక ఆఖరి టెస్ట్ ఒకటి ఉంది, దానికి ఏ టూలూ అక్కర్లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఫోన్ ఇచ్చి, "ఇవాళ తేజ తాలు ఎంతుంది?" అని అడగండి. మీరు పక్కనుంచి ఏమీ చెప్పొద్దు. అంకెతో పాటు అది ఏ రోజుదో కూడా వాళ్లు చెప్పగలిగితే పేజీ లైవ్‌లో పెట్టేయండి.