ఒక్క చెట్టు మిగిలిన జాతి: రోడ్రిగ్స్ దీవి 'కఫే మరోన్' సంరక్షణ, దాని పాఠాలు

హిందూ మహాసముద్రంలో మారిషస్‌కు తూర్పున దాదాపు 600 కిలోమీటర్ల దూరంలో రోడ్రిగ్స్ అనే చిన్న దీవి ఉంది. వైశాల్యం 108 చదరపు కిలోమీటర్లు. మన మండలాలలో చాలావాటికంటె చిన్నది. పరిపాలనా పరంగా ఇది మారిషస్ రిపబ్లిక్‌లో భాగం. 19వ శతాబ్దిలో కోరంగి రేవు నుండి చెరకు తోటలలో పనికి వెళ్లిన తెలుగువారి సంతతి నేటికీ మారిషస్‌లో ఉన్నది గనుక ఆ దీవుల పేరు మన పాఠకులకు కొత్త కాదు. అయితే ఆ దీవులలోని ఒక పూలమొక్క చరిత్రను మన వ్యవసాయ విద్యార్థులు, విస్తరణ శాస్త్రవేత్తలు తెలుసుకోవలసిన అవసరం ఉంది. పరాగ సంపర్కం, శాఖీయ ప్రవర్ధనం, జన్యు వైవిధ్యం, ప్రజల నమ్మకాలు అన్నీ ఒకే మొక్క దగ్గర కలిసిన సందర్భమది.

ఆ మొక్క శాస్త్రీయ నామం రామోస్మానియా రోడ్రిగేసి. స్థానికులు 'కఫే మరోన్' అంటారు; అడవి కాఫీ అని అర్థం. కాఫీ, నూరువరహాలు, బిక్కి, తొగరు చెట్లున్న రూబియేసీ కుటుంబానికి చెందిన ఈ గుబురు మొక్క నక్షత్రాకారపు తెల్లని పూలు పూస్తుంది. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు.

దీవికి జరిగిన నష్టం

ఫ్రాంస్వా లెగా బృందం 1691 నుండి 1693 వరకు ఇక్కడ నివసించినప్పుడు దీవి అంతటా అడవి, వేల సంఖ్యలో పెద్ద తాబేళ్లు ఉండేవి. తరువాతి శతాబ్దిలో నావికుల ఆహారం కోసం తాబేళ్లను ఓడలకెత్తి తీసుకుపోయారు. 1800 ప్రాంతానికి అవి అంతరించాయి. అడవి నరికివేత, నిప్పు, మేకలు, పశువుల మేత మిగిలిన వృక్షసంపదను దెబ్బతీశాయి. బయటినుండి వచ్చిన మొక్కలు ఖాళీ అయిన చోటును ఆక్రమించాయి. వాటిలో రెండింటి పేర్లు మనం ప్రత్యేకంగా గమనించాలి: నల్లతుమ్మ, సుబాబుల్. మన మెట్ట ప్రాంతాలలో పశుగ్రాసానికి, వంటచెరకుకు మనమే సిఫారసు చేసిన సుబాబుల్ ఆ దీవిలో స్థానిక జాతుల మొలకలను అణచివేసే కలుపు. ఒక మొక్క మేలు, కీడు అది పెరిగే చోటును బట్టి నిర్ణయమవుతుందనడానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ మనకు దొరకదు.

1874లో శుక్రగ్రహ సంక్రమణాన్ని పరిశీలించేందుకు వచ్చిన బృందంతోపాటు వృక్షశాస్త్రజ్ఞుడు ఐజాక్ బేలీ బాల్ఫోర్ ఈ దీవి మొక్కలను సేకరించారు. ఆ తరువాత 20వ శతాబ్దిలో కఫే మరోన్ కనిపించకపోవడంతో అది అంతరించిందనే నిర్ధారణకు వచ్చారు.

బడిపిల్లవాడు తెచ్చిన కొమ్మ

1980లో దీవిలోని ఒక ఉపాధ్యాయుడు తన విద్యార్థులను చుట్టుపక్కల మొక్కల నమూనాలు తెమ్మని చెప్పారు. ఒక బాలుడు తెచ్చిన కొమ్మ ఎవరికీ వెంటనే గుర్తుకు రాలేదు. నిపుణులు పరిశీలించి అది కఫే మరోన్ అని తేల్చారు. రోడ్డు పక్కన, పశువులు మేసి, పురుగు పట్టి ఉన్న ఆ ఒక్క మొక్కే జాతి మొత్తానికి మిగిలిన ప్రతినిధి.

గుర్తింపు వెంట ప్రమాదమూ వచ్చింది. ఈ మొక్క మద్యం వల్ల కలిగే తలనొప్పికి, సుఖవ్యాధులకు మందని దీవి ప్రజల నమ్మకం. మొక్క దొరికిందని తెలియగానే ఆకులు, కొమ్మలు తుంచుకుపోవడం మొదలైంది. కంచె వేశారు, చాలకపోతే దాని చుట్టూ మరొకటి వేశారు. కంచె పశువులను ఆపగలదు గాని, దాని లోపల విలువైనదేదో ఉందని మనుషులకు చాటి చెబుతుంది కూడా. శేషాచలం కొండలకు పరిమితమైన సైకస్ బెడ్డోమై విషయంలో మనకున్న అనుభవమూ ఇటువంటిదే. బలవర్ధకమనే నమ్మకంతో దాని మగ శంకువులను కోసి అమ్ముతారు. ఆడ, మగ చెట్లు వేరువేరుగా ఉండే ఆ జాతిలో మగ శంకువు పోతే విత్తనమూ పోయినట్లే.

పూసినా కాయని మొక్క

1986లో కొమ్మ కత్తిరింపులను విమానంలో లండన్‌లోని క్యూ రాజ ఉద్యానవనానికి పంపారు. వాటినుండి వేళ్లూనిన మొక్కను శాఖీయ పద్ధతిలో వృద్ధి చేశారు. మొక్కలు సమృద్ధిగా పూచాయి గాని ఒక్క కాయ కూడా నిలువలేదు. జాతి బతికే ఉంది, కాని ముందుకు సాగడం లేదు. కత్తిరింపుల ద్వారా ఎన్ని మొక్కలను పెంచినా అవన్నీ జన్యుపరంగా ఒకే మొక్క. ఒక తెగులు అన్నింటినీ ఒకేసారి తుడిచిపెట్టగలదు.

కారణం కీలాగ్రం వద్ద ఉంది. దానిపై పడిన పుప్పొడి నాళం కీలం గుండా అండాశయం వరకు చేరడం లేదు. ఈ జాతి ఆడ, మగ మొక్కలు వేరుగా ఉండేదా, లేక కీలం పొడవులో తేడాలున్న రెండు పుష్పరూపాలు కలదా అనే చర్చ శాస్త్రజ్ఞుల మధ్య 1990ల నాటికే వచ్చింది. ఏది నిజమైనా, ఫలదీకరణకు అవసరమైన జతమొక్క అందుబాటులో లేదు.

2003లో క్యూ ఉద్యాన నిపుణుడు కార్లోస్ మగ్దలేనా వేరొక దారి పట్టారు. కీలాగ్రాన్ని కోసివేసి, కోసిన చోట నేరుగా పుప్పొడిని అద్దారు. పదేపదే ప్రయత్నించిన మీదట కాయ నిలిచింది, విత్తనం దొరికింది. అధిక వేడి తగిలే చోట ఉంచిన మొక్కలలో కాయ పట్టడం మెరుగ్గా ఉందని కూడా ఆయన గమనించారు. ఈ రెండు ఉపాయాలూ మన ప్రజనన శాస్త్ర విద్యార్థులకు అపరిచితం కావు. లిల్లీ జాతుల సంకరణంలో కీలాన్ని కోసి పరాగ సంపర్కం చేయడం, వేడి ద్వారా స్వీయ అననుగుణ్యతను సడలించడం తెలిసిన పద్ధతులే. పంటల కోసం రూపొందిన జ్ఞానం ఒక అడవి మొక్కకు ప్రాణం పోసింది.

విత్తనపు మొలకలు మరొక విషయాన్ని బయటపెట్టాయి. లేత మొక్కల ఆకులు సన్నగా, పొడవుగా, గోధుమవర్ణపు మచ్చలతో ఉండి, మొక్క ఎదిగిన తరువాత గుండ్రని పచ్చని ఆకులుగా మారుతాయి. ఒకప్పటి తాబేళ్ల మేతనుండి తప్పించుకునేందుకు ఏర్పడిన లక్షణమిదని ఒక ఊహ. తాబేలు పోయినా, దానికి భయపడిన ఆకు మిగిలింది.

ఒక్క తల్లి సంతానం: జన్యు లెక్క

ఇక్కడే అసలు సమస్య మొదలవుతుంది. ఒక ద్వయస్థితిక మొక్కలో ఒక్కొక్క జన్యుస్థానంలో రెండు యుగ్మవికల్పాలకు మించి ఉండవు. ఆ మొక్కను స్వపరాగ సంపర్కం చేస్తే విషమయుగ్మజత తొలి తరంలోనే 50 శాతానికి పడిపోతుంది. అదే పద్ధతి కొనసాగితే రెండవ తరంలో 25 శాతం, మూడవ తరంలో 12.5 శాతం మిగులుతుంది. అయితే తొలి తరపు మొక్కలను ఎక్కువ సంఖ్యలో పెంచి, వాటిని ఒకదానితో ఒకటి సంపర్కం చేస్తే విషమయుగ్మజత 50 శాతం దగ్గరే నిలుస్తుంది. కాబట్టి తల్లి వల్ల తప్పనిసరి అయిన తగ్గుదలను ఒక్క తరానికే పరిమితం చేయడం మన చేతిలో ఉంది.

సంఖ్య ఎంత ఉండాలి? తల్లి మొక్కలో విషమయుగ్మజంగా ఉన్న జన్యుస్థానంలో ఒక యుగ్మవికల్పం ఒక విత్తన మొక్కకు అందకపోయే అవకాశం 25 శాతం. రెండు మొక్కలు బతికితే ఆ రెండింటిలోనూ అది లేకపోయే అవకాశం 6.25 శాతం; 5 మొక్కలకు సుమారు 0.1 శాతం. తొలి కాయల విత్తనాలలో ప్రతి అదనపు మొలకకు ఉన్న విలువ ఈ అంకెలలో కనిపిస్తుంది. బలహీనంగా కనిపించిన మొలకను నారుమడిలో ఏరివేయడం సాధారణ పంటలో మంచి అలవాటు. ఇటువంటి జాతిలో అది పూడ్చుకోలేని నష్టం.

అన్ని జాతులకూ ఈ అవకాశం దొరకదు. మారిషస్‌లోని క్యూర్‌పీప్ ఉద్యానంలో హయోఫోర్బ్ అమారికాలిస్ అనే తాటి కుటుంబపు చెట్టు ఒక్కటే మిగిలింది. దాని మగ, ఆడ పూలు వేరువేరు సమయాలలో విచ్చుకుంటాయి. ప్రయోగశాలలో పిండ వర్ధనం ద్వారా మొక్కలను పొందే ప్రయత్నాలు జరిగినా అవి నేలలో నిలదొక్కుకోలేదు. కఫే మరోన్ దక్కడం మన పద్ధతుల సామర్థ్యానికి హామీ కాదు. ఆలస్యం చేయరాదన్న హెచ్చరిక.

తిరిగి స్వస్థలానికి

క్యూలో లభించిన విత్తనాలు దీవికి తిరిగి వెళ్లాయి. స్థానిక జాతుల నారు పెంపకం, గ్రాండ్ మోంటేన్, ఆన్స్ కీటర్ రక్షిత ప్రాంతాలలో కలుపు మొక్కలను చేతితో తొలగించి స్థానిక మొక్కలను నాటే పని అక్కడ కొనసాగుతున్నాయి. గాజు గృహంలో బతికిన జాతి రక్షించబడినట్లు కాదు. తన నేలలో పూచి, కాచి, రాలిన విత్తనం మొలకెత్తిన నాడే సంరక్షణ పూర్తయినట్లు.

విస్తరణ శాస్త్రవేత్తలు గ్రహించవలసినవి

మొదటిది, గుర్తింపు. ఆ మొక్కను కనుగొన్నది సర్వేక్షణ బృందం కాదు, ఒక బడి. గ్రామ పాఠశాలలతో, పశువుల కాపరులతో, మూలికలు సేకరించేవారితో మనకు సంబంధాలుంటే మన కొండలలోని అరుదైన జాతులు, పంటల అడవి బంధువులు ముందుగా మన దృష్టికి వస్తాయి.

రెండవది, ప్రజల నమ్మకాన్ని కంచెతో ఎదుర్కోరాదు. మందుగా వాడే మొక్కకు కత్తిరింపులతో పెంచిన నారును ఇంటి పెరళ్లకు అందిస్తే అడవిలోని తల్లి మొక్కపై ఒత్తిడి తగ్గుతుంది.

మూడవది, నమోదు. ఏ మొలక ఏ కాయనుండి, ఏ సంపర్కం నుండి వచ్చిందో రాసి ఉంచకపోతే పైన చెప్పిన జన్యు లెక్క ఆచరణలో పనికిరాదు. తల్లి మొక్క కత్తిరింపులను ఒకే చోట గాక కనీసం రెండు మూడు చోట్ల నిలుపుకోవాలి.

నాల్గవది మనకే వర్తించేది. కొత్త పశుగ్రాసాన్నో, కలప జాతినో సిఫారసు చేసే ముందు అది పొలం గట్టు దాటి అడవిలోకి వెళితే ఏమవుతుందన్న ప్రశ్నను దిగుబడి గణాంకాలతో సమానంగా పరిశీలించాలి. రోడ్రిగ్స్ దీవిలో ఆ ప్రశ్న వేసేవారు లేకపోయారు. ఒక్క మొక్క మిగిలేవరకు ఎవరికీ అది తోచలేదు. శేషాచలం, నల్లమల, తూర్పు కనుమల కొండలలో ఇంకా ఒకటికంటె ఎక్కువ మొక్కలు మిగిలి ఉన్నప్పుడే మనం ఆ ప్రశ్న వేసుకోవడం ఉచితం.