అమ్మ పట్టుచీర... ఆడపిల్లలకో నగలపెట్టె

దాదాపు ప్రతి ఇంట్లోనూ బీరువా అడుగు అరలో, పాత తువ్వాల్లో చుట్టిపెట్టిన పట్టుచీర ఒకటి ఉంటుంది. కట్టుకోవడానికి పనికిరాదు. పారెయ్యడానికి ప్రాణం ఒప్పదు. ఏడాదికోసారి తీసి నీడపట్టున గాలికి ఆరేస్తాం, మడత దగ్గర కొత్త చిరుగు కనిపిస్తే నిట్టూరుస్తాం, మళ్ళీ చుట్టి అక్కడే పెట్టేస్తాం. అది అమ్మదో, అత్తగారిదో, అమ్మమ్మదో అయ్యుంటుంది. ఈలోగా వీధిలోంచి "పాత పట్టుచీరలు కొంటాం" అన్న కేక వినిపిస్తే మనసు ఒక్క క్షణం అటు లాగుతుంది కూడా.

అలా కొనేవాళ్ళకి కావలసింది చీర కాదు, అందులోని జరీ. గుడ్డని కాల్చి, మిగిలిన దాంట్లోంచి వెండి తీసుకుంటారు. ఇచ్చే నాలుగు డబ్బులు నాలుగు రోజుల్లో ఖర్చయిపోతాయి. అంతకంటే ఆ చీరని మన ఆడపిల్లలకి కలకాలం ఉండే కానుకగా మార్చవచ్చు కదా! కాస్త గుడ్డ, కాస్త చెక్క, మన కొండపల్లి బొమ్మలవాళ్ళు వాడే మక్కు, కాసిని రంగులు కలిపి చేసే నగలపెట్టె గురించి ఈసారి చెప్పుకుందాం. ఒక్క చీరతో నాలుగు పెట్టెలు హాయిగా అవుతాయి.

కత్తెర పట్టుకునే ముందు

ఆగండాగండి. పాతదైనంత మాత్రాన ప్రతి చీరనీ కోసెయ్యకూడదు. చీరని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి. చిరుగు ఒకటి రెండు చోట్లే ఉంటే రఫూ చేయించుకోవచ్చు. బాడీ అంతా పోయి అంచులు, కొంగు మాత్రం గట్టిగా ఉంటే, వాటిని విప్పి కొత్త పట్టుగుడ్డకి వేసి కుట్టే టైలర్లు ఉన్నారు. ఖర్చవుతుంది గానీ చీర చీరగానే మిగులుతుంది. మడతలన్నీ జీరలు జీరలుగా విడిపోయి, వేలు తగిలితే చాలు చిరిగే స్థితికి వచ్చిందనుకోండి, అప్పుడు పెట్టెకి వాడుకోవడమే మేలు. ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉంచడంవల్ల అక్కడి పోగులు విరుగుతాయి. చెమట మరకలున్న చోట మరీ త్వరగా పాడవుతుంది. అలాంటి దాన్ని ఏ రఫూ నిలబెట్టలేదు.

జరీ సంగతి కూడా చూసుకోండి. అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ సన్నటి వెండితీగ చుట్టి, దానిమీద బంగారు పూత పూసినది. రాగితీగకి వెండి పూత పూసిన జరీ కూడా ఉంది. ఈమధ్య వచ్చేవాటిలో ప్లాస్టిక్ మెరుపు దారాలే ఎక్కువ. అంచు చివర్న వేలాడే పోగొకటి తీసి, పైన చుట్టిన తీగని బ్లేడుతో మెల్లగా గీకండి. తెల్లగా కనిపిస్తే వెండి, ఎర్రగా కనిపిస్తే రాగి. పెట్టెకి రెండూ పనికొస్తాయి. కాకపోతే వెండిజరీ అని తెలిశాక చిన్న ముక్క కూడా చెత్తబుట్టలో వెయ్యబుద్ధి కాదు!

వీటన్నిటికంటే ముఖ్యం, ఆ చీర మీద మనసున్న వాళ్ళందరినీ అడగడం. మాకు తెలిసిన ఒకింట్లో తల్లి పోయాక ముగ్గురు ఆడపిల్లలూ నగలు పంచుకున్నారు, వెండి సామాను పంచుకున్నారు, ఎక్కడా మాటా మాటా రాలేదు. ఆవిడ పెళ్ళినాటి ధర్మవరం చీర దగ్గర మాత్రం ఆగిపోయారు. ఒకరు పట్టుకెళ్తే ఇద్దరికి బాధ. రెండేళ్ళు అది ఎవరూ ముట్టుకోకుండా అలాగే ఉండిపోయింది. చివరికి మూడు పెట్టెలు చేసుకుందామని కొలతలు వేస్తుంటే, నాలుగో దానికి సరిపడా అంచు మిగిలేట్టు కనిపించిందిట. అప్పుడు చిన్నామె "మరి వదినకో?" అంది. మూడేళ్ళు మంచాన ఉన్న అత్తగారికి ఒళ్ళు తుడిచి, అన్నం కలిపి పెట్టింది ఆ కోడలే. చీర మాట వచ్చినప్పుడల్లా ఆవిడ ఏదో పనున్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేదిట. నాలుగో పెట్టె చేతిలో పెడితే ఆవిడ ఏమీ అనలేదు. ఇంటి తాళాలగుత్తి తీసి అందులో వేసుకుంది.

కావలసినవి

మూతకి బందులున్న చెక్కపెట్టె ఒకటి. 8 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తు ఉంటే బాగుంటుంది. క్రాఫ్ట్ సామాన్ల షాపుల్లో రంగు వెయ్యని పెట్టెలు దొరుకుతాయి. రేకు డబ్బాలు వద్దు, మక్కు వాటిని పట్టుకోదు. చీర అంచు 29 అంగుళాలు, కొంగులోంచి 8 అంగుళాలకి 6 అంగుళాల ముక్క, షర్టు కాలర్లలో వేసే ఇస్త్రీతో అంటుకునే ఫ్యూజింగ్ గుడ్డ అర మీటరు, దళసరి అట్ట, ఫెవికాల్, ఉప్పుకాగితం, తెల్ల ప్రైమర్, మీకు నచ్చిన యాక్రిలిక్ రంగులు, లోపల పరవడానికి మెత్తటి నూలుగుడ్డ. మక్కుకి రెండు గుప్పిళ్ళ చింతగింజలు, జల్లించిన రంపపు పొట్టు. ఈ రెండూ డబ్బు పెట్టి కొనేవి కావు. చింతగింజలు మన వంటింట్లోనే ఉంటాయి. పొట్టు వడ్రంగి దగ్గర అడిగితే సంచీడు ఇస్తాడు.

మన మక్కు

విజయవాడ దగ్గర కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చేస్తారని అందరికీ తెలుసు. బొమ్మ చేతులు, కాళ్ళు, తలపాగా విడివిడిగా చెక్కి అతికించేది చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ఈ మక్కుతోనే. తెలంగాణలో చేర్యాల ముసుగు బొమ్మలకి కూడా ఈ రెండే ఆధారం. బజారులో ఇప్పుడు రకరకాల మట్టిముద్దలు ప్యాకెట్లలో అమ్ముతున్నారు. అవీ బాగానే ఉంటాయి గానీ, చెక్కని పట్టుకోవడంలో మక్కు దేనికీ తీసిపోదని నా అభిప్రాయం.

చింతగింజల్ని బాణలిలో నూనె లేకుండా పైతొక్క పగిలేదాకా వేయించండి. చల్లారాక దంచి తొక్క తీసేసి, లోపలి తెల్లపప్పుని రాత్రంతా నానబెట్టండి. పొద్దున్న నీళ్ళు మార్చి మిక్సీలో మెత్తగా రుబ్బండి. పలుకు ఉండకూడదు. దీంట్లో రెండింతల నీళ్ళు పోసి సన్నని సెగమీద కలుపుతూ ఉంటే జిగురుగా దగ్గరపడుతుంది. అడుగంటిందా, నల్ల మచ్చలొస్తాయి సుమా! దింపి గోరువెచ్చగా ఉన్నప్పుడే రంపపు పొట్టు కొద్దికొద్దిగా వేసి చపాతీ పిండిలా కలపండి. ఒక చెంచా ఫెవికాల్ కలిపితే ఇంకా పట్టు వస్తుంది. ఇందులో ఉప్పూకారాలు లేవు కదా అని వంట గిన్నెలు వాడకండి, తర్వాత తోముకోలేక చస్తాం. తడిబట్ట కప్పి ఉంచి ఆ రోజే వాడెయ్యాలి. రెండో రోజుకి పులిసి వాసనొస్తుంది.

పెట్టె మూతమీద చుట్టూ అంగుళం వెడల్పు వదిలి, మధ్యలో 6 అంగుళాలకి 4 అంగుళాల చోటు పెన్సిల్‌తో గీసుకోండి. ఆ మధ్య చోటు చీరముక్కకి. చుట్టూ ఉన్న అంగుళమే మక్కుపని. అక్కడ ముందు నీళ్ళు కలిపిన ఫెవికాల్ కుంచెతో రాసి, అది ఆరేలోపలే మక్కు పెట్టాలి. జంతికల్లా సన్నగా పాముకుని తీగలాగా వెయ్యండి, చిన్న చిన్న మామిడిపిందెలు అద్దండి, వాటిమీద పుల్లతో గీతలు పెట్టండి. చీర అంచులో ఏ డిజైనుందో దాన్నే ఇక్కడా వేస్తే చూడముచ్చటగా ఉంటుంది. అంచులో హంసలుంటే హంసలు, రుద్రాక్షలుంటే రుద్రాక్షలు. పావు అంగుళం కంటే మందం వద్దు, పగుళ్ళిస్తుంది. నీడలో మూడు రోజులు ఆరాలి. తొందరపడి ఎండలో పెడితే పైన ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది, ఆ తడికే బూజు పడుతుంది. వానాకాలంలో అయితే వారం ఆగండి.

ఆరాక ఉప్పుకాగితంతో మెల్లగా రుద్ది, ప్రైమర్ ఒక పూత, దానిమీద రంగు రెండు పూతలు వేసుకోవాలి. మక్కు ఎక్కడా రంగు తగలకుండా బయటికి కనిపించకూడదు. చింతగింజల పిండి అంటే పురుగులకి విందు కదా! రంగు విషయంలో నా మాట వినండి. చీరలో ఉన్న రంగుల్లోంచే ఒకటి తీసుకోండి. కుంకుమరంగు చీరకి కుంకుమరంగు పెట్టె, తీగల మీద మాత్రం లేతగా బంగారు రంగు. కుందన్లు, అద్దాలు, ముత్యాలు, చెమ్కీలు అన్నీ తెచ్చి అతికిస్తే అది పెళ్ళివారి స్టేజీలా తయారవుతుంది. అమ్మ చీర కనపడదు.

గుడ్డ అతికించేటప్పుడు

అన్ని తడిపనులూ అయ్యాకే చీర తియ్యండి. కోసే ముందు ఉతకొద్దు, మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి, చాలు. రెండు అంచుల్లో నేలవైపు అంచు రాసుకుపోయి ఉంటుంది. నడుములో దోపుకునే పై అంచు దాదాపు కొత్తదానిలాగే ఉంటుంది. అంచులోంచి దాన్నే తీసుకోండి. అంచుతోపాటు బాడీ గుడ్డ అర అంగుళం కలిపి కత్తిరించాలి, లోపలికి మడవడానికి.

ఇక్కడే చాలామంది పని చెడిపోతుంది. పట్టుగుడ్డకి నేరుగా జిగురు రాస్తే తడి పైకి ఊరి మరక పడిపోతుంది, ఆ మరక ఇక పోదు. అందుకే ముందు వెనకవైపు ఫ్యూజింగ్ గుడ్డ పరిచి, జరీమీద పల్చటి నూలుగుడ్డ కప్పి, తక్కువ వేడితో ఇస్త్రీపెట్టెని రుద్దకుండా అద్దుతూ అంటించండి. మొదట చిరుగుముక్క మీద చేసి చూసుకుని అప్పుడు అసలుదాని జోలికి వెళ్ళండి. జీరలు వచ్చిన గుడ్డ కూడా దీంతో గట్టిపడుతుంది.

6 అంగుళాలకి 4 అంగుళాల అట్టముక్క మీద కొంగుముక్క పరిచి, నాలుగువైపులా అంగుళం చొప్పున వెనక్కి మడిచి అంటించండి. మూలల్లో గుడ్డ గుట్టపడకుండా ఏటవాలుగా కత్తిరించాలి. ఫెవికాల్ ఎప్పుడూ అట్టకో, చెక్కకో పల్చగా పూసి, వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడు గుడ్డ పరవాలి. గుడ్డకి పుయ్యకూడదు. ఈ అట్టని మూత మధ్యలో అతికిస్తే మక్కు తీగల మధ్య పటం కట్టినట్టుంటుంది. పెట్టె చుట్టూ అంచుని వెనకవైపు మూలనుంచి మొదలుపెట్టి తిప్పండి, అతుకు ముందుకి కనపడదు. మూత ఆనే చోట పైన అంగుళంలో ఎనిమిదో వంతు ఖాళీ వదలాలి, లేకపోతే మూత పడదు. మీ అంచు 3 అంగుళాల కంటే తక్కువ వెడల్పుంటే దిగులేం లేదు, పైనా కిందా మిగిలిన చెక్కకి రంగే అందం. వేడి జిగురు తుపాకీ వాడకండి. అది ఉండలు కడుతుంది, మన రోహిణీకార్తె ఎండలకి వదులైపోతుంది కూడా.

లోపల నూలుగుడ్డ పరిచి, మూత లోపలివైపు చిన్న జేబు కుట్టి పెట్టండి. ఆ జేబులో ఒక కాగితం ఉండాలి. చీర ఎవరిది, ఏ ఊరి నేత, ఏ సంవత్సరంలో ఏ శుభకార్యానికి కొన్నది, ఎంతకి కొన్నారో గుర్తుంటే అదీ. ఇవన్నీ తెలిసిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉండగానే అడిగి, వీలైతే వాళ్ళ చేతే రాయించండి. ఆ చీర కట్టుకున్న ఫొటో దొరికితే కాపీ తీయించి పెట్టండి, అసలు ఫొటో వద్దు.

ఎవరికి, ఎప్పుడు

కొందరి ఇళ్ళల్లో పోయినవాళ్ళ బట్ట పెళ్ళిలో ఇవ్వడం, సీమంతంలో ఇవ్వడం పట్టింపు. వాళ్ళ నమ్మకం వాళ్ళది, మనం వాదించి ఒప్పించాల్సిన పని లేదు. అలాంటి చోట పుట్టినరోజుకో, ఆడపడుచు పుట్టింటికి వచ్చి వెళ్ళేటప్పుడో ఇచ్చుకోవచ్చు. ఇచ్చేటప్పుడు ఖాళీ పెట్టె ఇవ్వకుండా పసుపు, కుంకుమ, కొత్త జాకెట్ ముక్క అందులో పెట్టి ఇస్తే, పాతబట్ట ఇచ్చారన్న మాట ఏ అత్తగారి నోటా రాదు.

మిగిలిన ముక్కలతో బోలెడు చేసుకోవచ్చు. మంచి ముక్కలు ఏరి తాంబూలం సంచులు, పుస్తకంలో పెట్టుకునే గుర్తుపట్టీలు, దేవుడి మందిరానికి తోరణం కుట్టండి. బాగా చివికినవాటిని అట్టమీద అతికించి చిన్న ఫొటోఫ్రేము చేస్తే మనవలకి పనికొస్తుంది.

పెట్టె సిద్ధమయ్యాక వెంటనే నగలు సర్దెయ్యకండి. మూత తెరిచి నాలుగైదు రోజులు గాలి తగలనిచ్చి, రంగువాసన, జిగురువాసన పూర్తిగా పోయాక పెట్టుకోండి. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగిలేలా వెయ్యొద్దు. పల్చటి గుడ్డలో నాలుగు లవంగాలు మూటకట్టి ఓ మూల పడేసి, ఆర్నెల్లకోసారి మారిస్తే సరిపోతుంది.