నిదానమే ప్రధానం

వైద్యశాస్త్రంలో రోగకారణాన్ని గుర్తించడాన్ని 'నిదానం' అంటారు. లోకవ్యవహారంలో అదే మాటకు తొందరపడకపోవడం అనే అర్థం ఉంది. యంత్రాల మరమ్మతులో ఈ రెండు అర్థాలూ ఒకచోట కలుస్తాయి. కారణం తెలియకముందే భాగాలను మార్చేవాడు ధనాన్నీ కాలాన్నీ నష్టపోతాడు. ఒక్కొక్కప్పుడు తిరిగి రానిదాన్ని కూడా పోగొట్టుకొంటాడు. ఇంట్లో వాడే ల్యాప్‌టాప్ విషయంలో ఇది ఎంత నిజమో హనుమకొండకు చెందిన ఒక గణితోపాధ్యాయుని అనుభవం తెలియజేస్తుంది.

ఆయన వృత్తిరీత్యా సాంకేతిక నిపుణుడు కారు. చిన్ననాటి నుండి పాత రేడియోలను విప్పి బాగుచేయడం ఆయనకు ఒక వినోదం. 2014లో ఆయన ఒక ల్యాప్‌టాప్ కొన్నారు. అందులో నాలుగు గిగాబైట్ల ర్యామ్, ఐదువందల గిగాబైట్ల హార్డ్ డిస్క్ ఉన్నాయి. కుటుంబ ఛాయాచిత్రాలతో పాటు, దివంగతుడైన తండ్రి రాగయుక్తంగా చదివిన నాటక పద్యాలు కూడా అందులోనే భద్రపరచబడ్డాయి. వాటికి మరో ప్రతి లేదు.

2020లో కోవిడ్ వ్యాప్తి వల్ల కళాశాలలు మూతబడ్డాయి. ఇంటర్మీడియట్ చదువుతున్న కుమార్తె ఇంటి నుండే పాఠాలు వినవలసి వచ్చింది. అప్పటికి ఆ యంత్రం పనికి సిద్ధం కావడానికే ఐదారు నిమిషాలు పట్టేది. మరమ్మతు దుకాణంలో చూపిస్తే కొత్తది కొనుక్కోవడమే మేలన్నారు. ఆయనకు ఆ సలహా రుచించలేదు. తానే బాగుచేయాలని సంకల్పించారు.

ల్యాప్‌టాప్ మందగించడానికి సాధారణంగా నాలుగు కారణాలు కనిపిస్తాయి. అవి ర్యామ్ చాలకపోవడం, డిస్క్ నుండి సమాచారం ఆలస్యంగా అందడం, యంత్రం అధికంగా వేడెక్కడం, అనవసరమైన ప్రోగ్రాముల భారం. వీటిలో మొదటి రెండింటికీ గల భేదాన్ని ఒక పోలికతో గ్రహించవచ్చు. ర్యామ్ చదువుకొనే బల్ల వంటిది. డిస్క్ పుస్తకాల బీరువా వంటిది. బల్ల చిన్నదైతే పుస్తకాలను మాటిమాటికీ బీరువాలో పెట్టి, మళ్ళీ తీయవలసి వస్తుంది. బీరువా తలుపే కష్టంగా తెరుచుకొంటుంటే బల్ల ఎంత పెద్దదైనా మొదటి పుస్తకం చేతికి రావడానికి ఆలస్యం తప్పదు.

ఉపాధ్యాయుడు లోపం బల్లదేనని ముందే నిశ్చయించుకొన్నారు. నాలుగు గిగాబైట్ల ర్యామ్ ఒకటి తెప్పించి అమర్చారు. మీట నొక్కితే దీపం వెలిగింది గాని తెర నల్లగానే ఉండిపోయింది. కొత్తదాన్ని తీసివేయగానే యంత్రం యథాప్రకారం పనిచేసింది. పాత ర్యామ్‌పై ఉన్న చీటీని పరిశీలించినప్పుడు గాని అసలు విషయం బోధపడలేదు. ఆ యంత్రానికి కావలసింది 1.35 వోల్టులతో పనిచేసే డీడీఆర్3ఎల్ రకం. ఆయన తెప్పించింది 1.5 వోల్టుల డీడీఆర్3 రకం. రెండింటికీ 204 స్పర్శాబిందువులే ఉండడం వల్ల తప్పు రకం కూడా గాడిలో చక్కగా ఇముడుతుంది. ఆకారం సరిపోయినంత మాత్రాన స్వభావం సరిపోయిందనుకోరాదు.

సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ కంప్యూటర్ల విడిభాగాలకు పేరొందినది. రాకపోకలకు వీలు చిక్కిన తరువాత అక్కడికి వెళ్ళి సరైన ర్యామ్ తెచ్చేసరికి మూడు వారాలు గడిచాయి. ఎనిమిది గిగాబైట్లతో పాఠాలు కొంత సాఫీగా సాగాయి. కాని యంత్రం మేల్కొనడానికి మునుపటివలెనే ఐదు నిమిషాలు పట్టింది. రోగమొకటైతే మందొకటి వేసినట్లయింది.

అప్పుడు ఆయన నిజమైన పరీక్షకు పూనుకొన్నారు. ఏ భాగం ఎంత శ్రమిస్తున్నదో చూపే టాస్క్ మేనేజర్ అనే ప్రోగ్రామును తెరిచారు. ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉన్నది. డిస్క్ మాత్రం నూటికి నూరు శాతం పనిలో మునిగి ఉన్నది. దీనికి కారణం డిస్క్ నిర్మాణంలోనే ఉంది. అందులోని పళ్ళెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. ఒక భ్రమణానికి పట్టేది సుమారు 11 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అందులో సగం కాలం వేచి ఉండాలి. ముల్లు స్థానం మారడానికి మరికొంత కాలం కావాలి. ఒక్కసారికి ఇది అల్పమే. కాని యంత్రం మేల్కొనేటప్పుడు వేలకొలది చిన్న ఫైళ్ళను చదవాలి గనుక ఆ అల్పకాలాలే నిమిషాలవుతాయి. సాలిడ్ స్టేట్ డ్రైవ్, అనగా ఎస్.ఎస్.డి.లో తిరిగే భాగాలు లేవు. 1980లలో తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా రూపొందించిన ఫ్లాష్ మెమరీ దానికి ఆధారం. అందులో ఏ మూలనున్న సమాచారమైనా మిల్లీసెకనులో పదోవంతు కాలంలోనే లభిస్తుంది.

ఈ పరీక్షలోనే మరొక చేదు నిజం బయటపడింది. డిస్క్ నుండి అప్పుడప్పుడు టిక్కుటిక్కుమనే శబ్దం వస్తున్నది. డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకొనే 'స్మార్ట్' నివేదికను చూస్తే, చెడిపోయి పక్కన పెట్టబడిన భాగాల సంఖ్య రోజురోజుకూ పెరుగుతున్నట్లు తేలింది. ఆయన ఇక ఆలస్యం చేయలేదు. అన్నిటికంటే ముందు తండ్రి పద్యాలను, ఆ తరువాత ఛాయాచిత్రాలను మరో డిస్క్‌లోకి ఎత్తారు. పద్యాలలో రెండు చదవడానికి వీలుకాలేదు. పదేపదే ప్రయత్నించగా ఒకటి దక్కింది. రెండవది దక్కలేదు. మూడు వారాల క్రితమే డిస్క్‌ను పరీక్షించి ఉంటే బహుశా అదీ దక్కేదేమో!

విలువైన సమాచారానికి మూడు ప్రతులుండాలనీ, అవి రెండు వేర్వేరు రకాల సాధనాలలో ఉండాలనీ, వాటిలో ఒకటి ఇంటికి వెలుపల ఉండాలనీ నిపుణులు చెబుతారు. ఈ నియమం మరమ్మతు మొదలుపెట్టిన నాడు కాదు, యంత్రం కొన్ననాడే పాటించదగినది.

ఎస్.ఎస్.డి. అమర్చేటప్పుడు ఆయన జాగ్రత్తలన్నీ తీసుకొన్నారు. విద్యుత్తును తొలగించి, బ్యాటరీ తీగను విడదీశారు. శరీరంలోని స్థిరవిద్యుత్తు సున్నితమైన భాగాలను చెరపగలదు గనుక ముందుగా భూమికి కలపబడిన లోహాన్ని తాకారు. కాగితంపై యంత్రం అడుగుభాగాన్ని గీసి, ఏ మర ఎక్కడిదో అక్కడే పెట్టారు. అంతా బిగించి చూస్తే, డిస్క్ కనబడడం లేదని తెరపై సందేశం! ఈసారి ఆయన కలవరపడలేదు. మార్చినది ఒక్కటే గనుక వెతకవలసిన చోటూ ఒక్కటే. తీగ కొన సరిగా కూర్చోలేదని గుర్తించి సరిచేశారు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తగా నెలకొల్పిన తరువాత యంత్రం అర నిమిషంలోపే మేల్కొన్నది.

అయినా గంటసేపు పాఠం నడిస్తే ఒక్కసారిగా ఆగిపోయేది. ప్రాసెసర్ వేడెక్కితే తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. వేడి హద్దు మీరితే ఆత్మరక్షణకై యంత్రాన్ని ఆపివేస్తుంది. విప్పి చూస్తే వేడిగాలి పోయే దారిని దుమ్ము మూసివేసి ఉన్నది. ప్రాసెసర్ నుండి వేడిని లోహానికి అందించే లేపనం ఎండి పెళుసెక్కింది. దుమ్ము దులిపి, కొత్త లేపనం పలుచగా పూయగానే ఆ బాధ తొలగింది.

ఔత్సాహికుడు తన హద్దును కూడా ఎరిగి ఉండాలి. కొంతకాలానికి బ్యాటరీ ఉబ్బి అడుగు రేకును పైకి నెట్టింది. లిథియం అయాన్ బ్యాటరీని నొక్కినా, గుచ్చినా మంటలు లేవవచ్చు. అందువల్ల ఆయన యంత్రాన్ని ఆపి, ఆ పనిని నిపుణులకే అప్పగించారు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణలు సాధారణంగా అందడం ఆగిపోయింది. ఆ పాత ప్రాసెసర్‌కు విండోస్ 11 అర్హత లేదు. కనుక ఉచితంగా లభించే ఉబుంటు లినక్స్‌ను నెలకొల్పి యంత్రాన్ని వాడుకలో నిలుపుకొన్నారు.

ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగయ్యాయి. వాటిలో సక్రమంగా సేకరించి, పునర్వినియోగానికి మళ్ళించినట్లు నమోదైనది 22.3 శాతం మాత్రమే. ఒక ల్యాప్‌టాప్ ఆయుర్దాయాన్ని కొన్నేళ్ళు పొడిగించడం ఆ రాశిని కొంతైనా తగ్గించడమే.

ఆ ఉపాధ్యాయుని బల్లపై ఇప్పుడు ఒక నోటుపుస్తకం ఉంటుంది. తేదీ, లక్షణం, చేసిన మార్పు, కలిగిన ఫలితం అని నాలుగు గడులు గీసి, ప్రతి మరమ్మతునూ అందులో నమోదు చేస్తారు. ఒకసారికి ఒకే మార్పు చేస్తారు. తండ్రి పద్యాలు నేడు మూడు చోట్ల భద్రంగా ఉన్నాయి. ఆ నోటుపుస్తకం మొదటి పుటలో మాత్రం, దక్కకుండా పోయిన ఆ ఒక్క పద్యం పేరు రాసి ఉన్నది.