పట్టుపురుగుల పెంపకంలో గాలి తేమ: దశను బట్టి మార్పులు

పోచంపల్లి మగ్గాలపై నేసే పట్టుకు మూలం పట్టుగూడు. పెంపకపు గదిలోని తేమపై గూడు నాణ్యత చాలావరకు ఆధారపడి ఉంటుంది. పట్టుపురుగు నీరు తాగదు. దానికి కావలసిన నీరు మల్బరీ ఆకు నుంచే లభిస్తుంది. నల్లగొండ, భువనగిరి మెట్ట ప్రాంతాల్లో వేసవి పొడిగాలికి ఆకు త్వరగా వాడిపోతుంది. చిన్న పురుగులు దానిని మేయలేవు; ఫలితంగా వాటి ఎదుగుదల ఒకే తీరుగా ఉండదు.

అందువల్ల మొదటి రెండు దశల చాకీ పురుగులకు 26–28 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, 80–90 శాతం తేమ అవసరం. తట్టలపై పారఫిన్ కాగితం కప్పి, అంచుల వెంట తడి స్పాంజి పట్టీలు ఉంచాలి. మేత వేయడానికి అరగంట ముందు కాగితం తీసి గాలి ఆడనివ్వాలి.

ఇంతటి తేమ పెద్ద పురుగులకు హానికరం. ఐదవ దశలో 24 డిగ్రీల ఉష్ణోగ్రత, సుమారు 70 శాతం తేమ చాలు. అంతకు మించితే పడక తడిసి సున్నపుకట్టు రోగం వ్యాపించే ప్రమాదముంది. పురుగులు జ్వరానికి కూర్చున్నప్పుడు స్పాంజి పట్టీలు తొలగించి, పడకపై సున్నపు పొడి చల్లి పొడిగా ఉంచాలి. చంద్రికలపై గూడు కట్టే వేళ 60–65 శాతం తేమతో పాటు ధారాళమైన గాలి ఉండాలి. లేనిచో రీలింగ్‌లో దారం తరచుగా తెగుతుంది.

కనుక వేసవిలో అన్ని దశల్లోనూ ఒకే విధంగా నీరు చల్లకుండా, తడి–పొడి బల్బు థర్మామీటరుతో తేమను కొలిచి తగిన చర్య తీసుకోవాలి.